బందెలదొడ్డి వంశం

జిల్లా చరిత్ర సంఘం ఆఫీసు,
మెట్ల కింది గది

వదినా,

ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అని మూతి ముడుస్తావని తెలుసు. ముడుచుకునే చివరిదాకా చదువు. ఇది మన ఇంటి గొడవ.

నాకిక్కడ ఇచ్చిన పని ఏమిటంటే, జిల్లాలో ఉన్న పాత ఇళ్ళన్నీ తిరిగి, ఏది ఎవరు కట్టారు, వాళ్ళు ఎక్కణ్నుంచి వలసొచ్చారు, ఈ పల్లెలు ఎలా వెలిశాయి అన్నదంతా ఒక పుస్తకంగా రాయడం. వినడానికి ఎంత బాగుందో చూడు! చేస్తే తెలుస్తుంది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దాయన కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంటాడు. గొంతు సవరించుకుంటాడు. "అమ్మాయ్, ఈ ప్రాంతానికి మొట్టమొదట వచ్చింది మా మూలపురుషుడే. అప్పుడంతా కారడవి. తెల్ల గుర్రం మీద వచ్చి, ఇదిగో, సరిగ్గా నువ్వు కూర్చున్న చోటే దిగాడు" అంటాడు. నేను లేచి కుర్చీ జరుపుకుని కూర్చోవాలి.

ప్రతి ఇంటికీ ఒక మూలపురుషుడు, ఒక తెల్ల గుర్రం. అందరూ మొట్టమొదటే వచ్చారు. ఇన్ని గుర్రాలు ఒక్కసారి దిగితే ఆ కారడవిలో చెట్లకి చోటెక్కడిది? నాగలి మోసుకుంటూ నడిచొచ్చినవాడు, అన్నదమ్ములతో పడక పారిపోయి వచ్చినవాడు, బండి ఇరుసు విరిగితే బాగుచేసుకునే ఓపిక లేక ఇక్కడే ఉండిపోయినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. మా సంఘం ప్రెసిడెంటుగారిదీ ఇదే కథ. మండుటెండలో కూడా కోటు విప్పడు కాబట్టి మేమంతా చాటుగా ఆయన్ని కోటుగారు అంటాం. ఆయన ఇంకో మెట్టు ఎక్కువ, ఇంటిముందు రాతిగుర్రాన్ని కూడా చెక్కించాడు. ఆ శిల్పి గుర్రాన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు.

అసలు సంగతికొస్తాను. మన వీధి మీదుగా పెద్ద రోడ్డు రాబోతోందట. ఈ మాట నాకు ఆఫీసులో మ్యాపు చూస్తే తెలిసింది, నువ్వు రాయగా కాదు. ఆ తిట్లు తరవాత తిడతాను. పాత ఇళ్ళ జాబితాలోకి ఎక్కిన ఇంటిని కూలగొట్టడానికి వీల్లేదు, రోడ్డే పక్కకి తిరగాలి. అయితే 'మొదటి వలసదారు కట్టించిన భవంతి' అని రాయించుకున్నవాళ్ళతో ఆ జాబితా ఇప్పటికే కిటకిటలాడిపోతోంది. మనదీ అదే అని రాస్తే కోటుగారు చదవకుండానే పక్కన పడేస్తాడు. ఇంకెక్కడా లేనిది మన ఇంట్లో ఏదైనా ఉండాలి. కళ్ళు తెరిచి చూసి రాయి. పెదనాన్న చెప్పేది కాదు, నీ కళ్ళకి కనబడేది.

నీ మరదలు


మన ఇల్లు,
కుట్టు గది

మరదలు పిల్లకి,

రోడ్డు సంగతి ఎందుకు రాయలేదంటే, రాస్తే నువ్వేం చేస్తావు? చీపురు తీసుకుని వాళ్ళ మీదికి వస్తావా? ఆ మనుషులు వచ్చారు, టేపు పట్టారు, వీధిగోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి వెళ్ళారు. ఆ గీతని లోపలికి లాక్కుంటూ వస్తే సరిగ్గా నా కత్తిరింపు బల్ల మధ్యనుంచి పోతోంది. ఆ రోజు కత్తిరించిన యూనిఫారాల్లో ఒక నిక్కరుకి ఒక కాలు పొట్టిగా వచ్చింది. అంతకంటే నేనేమీ బాధపడలేదులే.

సరే, ఇంట్లో ఏముందో రాయమన్నావు. మీ అన్నయ్య పోయాక ముందుగదిలో మిషను పెట్టాను కదా, పొద్దున లేస్తే నా బతుకంతా ఈ గదిలోనే. దీని గుణాలన్నీ నాకు తెలుసు. మొదటిది, నేల వాలు. దారపు కండె చెయ్యి జారితే చాలు, తూర్పు మూలకి దొర్లుకుంటూ పోతుంది, అక్కడున్న తూములో ఇరుక్కుంటుంది. బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి నిలబెట్టుకున్నాను. ముందుగదిలో తూమెందుకని, నేను మామగారూ అని పిలిచే మీ పెదనాన్నగారిని అడిగితే, "పూర్వం యుద్ధం నుంచి వచ్చి ఇక్కడే కాళ్ళు కడుక్కునేవారు" అన్నారు. సైన్యం మొత్తం వచ్చి కడుక్కున్నా ఆ తూము నిండదు.

రెండోది, గోడకున్న ఇనప కడియాలు. నేను వాటికి గుడ్డముక్కల సంచులు తగిలిస్తాను. మోకాలి ఎత్తున వరసగా ఉంటాయి. మామగారి లెక్కలో అవి మూలపురుషుడి యుద్ధగుర్రాల్ని కట్టినవి. ముందుగదిలో గుర్రాలెందుకు కట్టాడో, ఆ గుర్రాలు మేకలంత ఉండేవో ఏమో నాకు తెలీదు. మూడోది, కిటికీల్లేవు. పైన చూరుకింద చెయ్యి పట్టే కన్నాలు మాత్రం ఉన్నాయి. నాలుగోది తలుపు. ఇద్దరు మనుషులు భుజం భుజం రాసుకోకుండా వెళ్ళేంత వెడల్పు, పైగా పాత గడియ బయటివైపే ఉంది. లోపలివైపు గడియ నేను కాపురానికి వచ్చాక పెట్టించిందే. బయట గడియ ఎందుకండీ అంటే ఆయన ఏమన్నారో చెప్పనా? "మా మూలపురుషుడికి ఎంత ధైర్యమంటే, బయట గడియపెట్టుకుపోండి, ఎవడొస్తాడో చూస్తా అనేవాడు" అన్నారు. నేను సూది నోట్లో పెట్టుకుని ఉన్నాను కాబట్టి నవ్వలేదు.

ఇక ఆ పటం సంగతి నీకు తెలిసిందే. సినిమా బోర్డులు రాసేవాడితో వేయించిన మూలపురుషుడు, గుర్రం మీద. ముక్కూ మీసం అచ్చంగా మామగారివే. ఇప్పటికీ రోజూ సాయంత్రం వచ్చి, ఆ పటం కింద కుర్చీలో కూర్చుని, నా చేతి టీ తాగి, బడిలో పిల్లలకి చెప్పినట్టు ఆ కథ నాకు చెప్పి వెళతారు. ఊళ్ళో సగం మందికి చరిత్ర పాఠం చెప్పిన మేష్టారాయె. నాకు తప్పుతుందా?

ఇందులో నీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చూసుకో. ఇల్లు పోతే నేనెక్కడికి పోతానో అది కూడా కాస్త ఆలోచించి పెట్టు.

వదిన


చరిత్ర సంఘం ఆఫీసు,
మెట్ల కింది గది

నా బంగారు వదినా,

నీ ఉత్తరం చదివి గట్టిగా అరిచాను. పక్కగదిలోంచి గుమాస్తా పరిగెత్తుకొచ్చి పామా అన్నాడు.

మనది భవంతీ కాదు, కోటా కాదు. అది బందెలదొడ్డి! ఒకడి ఆవు ఇంకొకడి చేలో పడి మేస్తే, ఆ చేనువాడు దాన్ని తోలుకొచ్చి అప్పగించే చోటు. ఆవుగలవాడు వచ్చి, తిట్లు తిని, నష్టం ఇచ్చుకుని విడిపించుకుపోయేదాకా అది అక్కడే. ఇప్పుడు నువ్వు రాసినవన్నీ ఒకసారి చూడు. నేల వాలు, తూము దేనికి? పేడ కడగడానికి. మోకాలి ఎత్తున కడియాలు, పలుపుతాడు కట్టడానికి. గడియ బయట ఎందుకంటే ఆవు లోపలి గడియ వేసుకోదు కాబట్టి. మన మూలపురుషుడు గుర్రం దిగిన వీరుడు కాదు వదినా, బందెలదొడ్డి కాపలాదారు. దొడ్డి మూతబడ్డాక పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకుని అందులోనే కాపురం పెట్టేశాడు, అంతే.

నవ్వడం అయ్యాక ఇది చదువు. జిల్లాలో మిగిలిన దొడ్లన్నీ మొండిగోడలు. పైకప్పుతో సహా నిలిచింది నేను తిరిగినంతవరకు ఇదొక్కటే. భవంతి అని రాస్తే కూలగొట్టేస్తారు, దొడ్డి అని రాస్తే ముట్టుకోరు. ఇంకో మాట. ఇల్లు జాబితాకి ఎక్కినప్పుడు దాన్ని చూసుకునే మనిషి ఒకరి పేరు రాయాలి. ఆ మనిషి బతికున్నంతకాలం ఆ ఇంట్లోంచి ఎవరూ కదిలించలేరు, సొంతదారు కూడా.

కావలసిందల్లా సొంతదారు సంతకం. అంటే పెదనాన్న, ఇల్లు ఆయన పేరు మీదే ఉందిగా. ఆయనకి నువ్వే చెప్పాలి. నేను చెబితే ఉత్తరం చింపేస్తారు, నువ్వు చెబితే టీ తాగుతూ వింటారు.

మరదలు


మన ఇల్లు,
కుట్టు గది

ఏమే,

చెప్పాను. నీ మాట విని చెప్పాను. నా బుద్ధి గడ్డి తిని చెప్పాను.

"మామగారూ, ఒక్క మాట, కోప్పడకూడదు" అన్నాను. అలా మొదలుపెడితే కోపం కప్పుతోబాటు అందించినట్టే కదా. బందెలదొడ్డి అన్న మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, టీ కప్పు గాల్లో ఆగిపోయింది.

"ఎవరు కూశారా కూత?"

"మీ తమ్ముడి కూతురేనండీ."

"ఆడపిల్లకి అంత చదువొద్దురా అని నెత్తీనోరూ మొత్తుకున్నాను. విన్నాడా మా తమ్ముడు! అంటే ఏమిటి, మనమంతా పశువుల కొట్టంలో పుట్టినవాళ్ళమా?"

"కొట్టం కాదండీ, దొడ్డి" అన్నాను. సర్దిచెబుదామనే అన్నాను, ఒట్టు.

అంతే. ఆయన లేచి పటానికి, నాకు, గోడకి, వీధిలో పోయేవాళ్ళకి కలిపి ఒకటే ఉపన్యాసం. రోడ్డు వేసుకోనీ, బుల్డోజరు రానీ, భవంతిగానే కూలుతుంది గానీ దొడ్డిగా మాత్రం నిలబడదట. సంతకం పెట్టే ప్రసక్తే లేదట. ఇంతవరకు నాకు నవ్వొచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ఇంకో మాట అన్నారు చూడు, అప్పుడు పోయింది నా నవ్వు. "నీకేం భయం లేదమ్మాయ్. ఇల్లు పోతే మా ఇంటి వెనక గది ఉంది, ఖాళీ చేయిస్తాను. మా కోడలికి వంటింట్లో చేదోడుగా కూడా ఉంటావు" అన్నారు.

ఆయన మంచిగానే అన్నారు. అదే నాకు మండింది. ఆ వెనక గది నాకు తెలుసు. మంచం వేస్తే మిషను పట్టదు, మిషను పెడితే మంచం పట్టదు. కత్తిరింపు బల్ల ఎక్కడ పెట్టుకోను, నా నెత్తి మీదా? ఎవరిమీదా ఆధారపడకుండా నా గంజి నేను తాగుతున్నాను. రేపట్నుంచి ఇంకొకరి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ బతకాలి.

ఒకవేళ ఆయన మనసు మారి సంతకం పెట్టినా, చూసుకునే మనిషి అన్నచోట వాళ్ళ మనవడి పేరే రాస్తారు. వాడికి ఈ ఇంటి తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు.

నువ్వు మాత్రం అరిచి గంతులేశావు. నీకిది పుస్తకంలో ఒక పేజీ. నాకు తల దాచుకునే కొంప. అది గుర్తుపెట్టుకో.

వదిన


చరిత్ర సంఘం ఆఫీసు

శ్రీమతి వదినగారి సముఖమునకు,

తమరి ఉత్తరం అందినది. తమరు చెప్పినది అక్షరాలా నిజం. నేను గంతులేశాను.

అయితే తమరికి ఒక్క విషయం గుర్తుచేయవలసి ఉన్నది. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ గోడపక్క పడుకోబెట్టేవారు, ఆ కడియం చల్లగా ఉంటుందని చేత్తో పట్టుకుని నిద్రపోయేదాన్ని. ఇప్పుడు దాని గురించి నేనొక మాట అంటే అది కూత. సంతకానికి పెదనాన్న కావాలి, ఇల్లు కూలితే బాధపడే హక్కు నీది, నాకేమో చరిత్ర సంఘంవాళ్ళ మెట్ల కింద గది. బాగుంది పంపకం.

ఈ 'తమరు' నా వల్ల కాదు, మానేస్తున్నాను. ఇంకో సంగతి నీకు చెప్పకుండా దాచాను, అది కూడా కక్కేస్తాను. కోటుగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన ఇల్లు ఆయన చెప్పుకున్నంత పాతదేం కాదు. వాసాలు రంపపు మిల్లులో కోసినవి, ఆ మిల్లు ఈ జిల్లాకి వచ్చింది చాలా తరవాత. అది నా పుస్తకంలో రాశాను. ఆ పేజీ తీసేస్తే మన ఇంటిని 'భవంతి' అని తనే జాబితాలోకి ఎక్కిస్తానన్నారు. పెదనాన్న ఆనందంగా సంతకం పెట్టేవారు. నీ బల్ల ఉన్నచోటే ఉండేది.

నేను ఒప్పుకోలేదు. నిన్ను అడగను కూడా అడగలేదు. అడిగితే నువ్వు ఒప్పుకోమంటావని భయం. ఇన్ని గుర్రాల మధ్య మనం కూడా ఒక గుర్రం కట్టేస్తే నేనింకేం రాయను వదినా? పోనీ నాదే తప్పంటావా, అను. గట్టిగా తిట్టు. కానీ ఉత్తరం మాత్రం మానకు.

సంఘంవాళ్ళు వచ్చే నెల ఇంటిని చూడటానికి వస్తున్నారు. సంతకం ఉన్నా లేకపోయినా రమ్మని నేనే పట్టుబట్టాను.

మరదలు


మన ఇల్లు,
కుట్టు గదిలో మిగిలిన భాగం

నీ దుంపతెగ,

ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయేది? ఆ కోటువాడి ఇల్లు కొత్తదైతే నాకేం, పాతదైతే నాకేం? రెండ్రోజులు నిన్ను తిట్టుకుంటూనే కుట్టాను. మూడోరోజు తిట్టడానికి ఓపిక లేకపోయింది. మీ అన్నయ్య ఉంటే నీవైపే మాట్లాడేవాడు, నన్ను చూసి నవ్వేవాడు కూడా. సరే, ఆ సంగతి వదిలెయ్. ఇక్కడ కొంప మునిగింది. అంటే సగం కూలింది.

మీ పెదనాన్నగారు పొద్దున్నే తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు. సంఘంవాళ్ళు వచ్చేలోగా కడియాలు పీకించి, గోడకి నున్నగా సిమెంటు పూయించి, దూలానికి గాజు దీపాల షాండ్లియరు వేలాడదీస్తారట. "దొడ్డిలో షాండ్లియరు ఉంటుందా, చెప్పు?" అని నన్నే అడిగారు. నేను మిషను మీద గుడ్డ కప్పి పక్కకి తప్పుకున్నాను. ఇంకేం చెయ్యను, ఇల్లు ఆయనది.

మేస్త్రీ మొదటి కడియం కింద గునపం పెట్టి మెలితిప్పాడు. అది రాలేదు. ఇంకోడిని పిలిచి ఇద్దరూ కలిసి తిప్పారు. అప్పుడొచ్చింది. కడియం కాదు, గోడ! నిలువెత్తు ఇటకలు దబదబా దిగిపోయాయి. ఇల్లంతా దుమ్ము. అందులోంచి దగ్గు వినపడుతోంది గానీ మనిషి కనపడటం లేదు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన కుర్చీలోనే ఉన్నారు, తలనుంచి కాళ్ళదాకా సున్నమే, మీసం మాత్రం కాస్త నల్లగా కనిపిస్తోంది. దెబ్బేం తగల్లేదు. పటం మాత్రం బోర్లా పడింది.

ఆ ఇటకలు తరవాతెప్పుడో కట్టినవట. వాటి వెనక అసలు గోడ, ఆ గోడ పొడుగునా రాతితొట్టి. మేత తొట్టి. కడియాలు ఆ తొట్టి రాయిలోనే దిగేసి ఉన్నాయి, అందుకే ఊడలేదు. తొట్టి అంచు మాత్రం ఒక్కోచోట లోపలికి గుంటగా అరిగిపోయి ఉంది, పశువులు మెడలు ఆనించీ ఆనించీ.

ఆయన లేచారు. ఆ గుంటలో అరచెయ్యి పెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకో గుంట చూశారు, వంగి ఇంకోటి చూశారు. "ఇది ఒక తరంలో వచ్చే అరుగుదల కాదు" అన్నారు. నాతో కాదు, తనలో తనే. మేస్త్రీ సిమెంటు కలపమంటారా అని అడిగితే చెయ్యి ఊపి పంపించేశారు. ఆ తరవాత నావైపు తిరిగి, "అమ్మాయ్, అయితే నేను పిల్లలందరికీ అబద్ధం చెప్పానా?" అని అడిగారు.

  "మీకు చెప్పిందే మీరు చెప్పారు మామగారూ" అన్నాను, కాసిని మంచినీళ్ళిచ్చాను. తాగి, పటం వైపైనా చూడకుండా వెళ్ళిపోయారు. ఆయన ఆ కథ చెప్పకుండా ఈ గుమ్మం దాటడం నేనెప్పుడూ చూడలేదు. ఆరోజు నుంచి సాయంత్రాలు రావడం లేదు. టీ ఒక్కదాన్నే తాగుతున్నాను. ఇన్నాళ్ళూ ఆయనెప్పుడు పోతారా అని గడియారం చూసుకున్న మనిషిని, ఇప్పుడు వీధిలోకి చూస్తున్నాను. ఇది ఎవరికీ చెప్పకు.

పాత గోడ మట్టి కాస్త కవర్లో పెట్టి పంపుతున్నాను. నీకు పనికొస్తుందేమో.

వదిన


చరిత్ర సంఘం ఆఫీసు,
మెట్ల కింది గది

వదినా,

నువ్వు రాసింది నవ్వుతూ చదవడం మొదలుపెట్టి నవ్వకుండా ముగించాను.

సంఘంవాళ్ళు వస్తున్నారు గానీ నేను రావడం లేదు. సొంతింటి విషయంలో నేను గదిలో ఉండకూడదట, కోటుగారికి హఠాత్తుగా నియమాలు గుర్తొచ్చాయి. కాబట్టి నువ్వొక్కదానివే. భయపడకు. తొట్టి చూపించు, తూము చూపించు, కండె దొర్లించు.

పెదనాన్నకి ఈ కింది నాలుగు ముక్కలు చదివి వినిపించు. వినకపోతే ఆయన కుర్చీలో పెట్టి వచ్చెయ్.

పెదనాన్నా, వదిన పంపిన మట్టి చూశాను. గడ్డీ, గవ్వ సున్నం కలిపి తొక్కిన మట్టి. ఇలాంటి గోడ నేను చూసినవాటిలో చాలా పాత ఇళ్ళకి తప్ప లేదు. మనదే అన్నిటికంటే పాతదని ఒట్టు వెయ్యలేను, కాదని కూడా ఎవరూ ఒట్టు వెయ్యలేరు. కానీ నాకు తోచింది ఒకటి చెబుతాను. అప్పటికిక్కడ బడి లేదు, అంగడి లేదు. ఒకరి పక్కన ఒకరు పొలాలు కొట్టుకున్నారు. ఒకడి ఆవు ఇంకొకడి పంటలో పడేది, కర్రలు లేచేవి, తలలు పగిలేవి. అలా ఎన్నాళ్ళు కొట్టుకున్నారో తెలీదు. చివరికి అందరూ కలిసి కట్టుకున్న మొదటి కట్టడం ఇదే అయ్యుంటుంది, ఆ పశువుల్ని తెచ్చి కట్టడానికి ఒక దొడ్డి. దానికి కాపలా ఎవర్ని పెట్టుకుంటారు? బలమున్నవాణ్ణి పెట్టుకోరు. ఎవరివైపూ మొగ్గనివాణ్ణి పెట్టుకుంటారు. గుర్రమైతే ఎవడైనా ఎక్కుతాడు పెదనాన్నా. అందరూ తిడుతూ కూడా నమ్మే ఉద్యోగం మాత్రం అందరికీ ఇవ్వరు.

ఇంతే. ఇక మీ ఇష్టం.

మరదలు


మన ఇల్లు,
కుట్టు గది, తొట్టి అంచు మీద కూర్చుని

మరదలు పిల్లా,

నీ ఉత్తరం ఆయనకి చదవలేదు, చేతికే ఇచ్చి వచ్చాను. చదివారో లేదో తెలీదు. ఆశ వదిలేసుకున్నాను. సంఘంవాళ్ళు వచ్చే రోజున గుడ్డమూటలన్నీ సర్ది, గది తుడిచి, నా మంచి బట్టలు కట్టుకుని నిలబడ్డాను. కోటుగారు వచ్చారు. వెనకే ఇంకో నలుగురు. కోటాయన ముక్కుకి రుమాలు పెట్టుకున్నాడు, ఆ ఆవులు పోయి ఎన్ని తరాలైందని! గది అంతా ఒకసారి అలా చూసి, "చూడాల్సింది పెద్దగా ఏం లేదు, సొంతదారు సంతకం కూడా లేదు కదా" అని వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో మామగారు. చేతిలో గొడుగు, ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం.

"కూర్చోండి" అన్నారు.

ఎవరో అతిథుల్ని కూర్చోమన్నట్టు కాదే, బడిలో అన్నట్టు. ఆ నలుగురిలో ముగ్గురు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, చటుక్కున ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. కుర్చీలెక్కడున్నాయి? ఒకాయన గుడ్డమూట మీద, ఇద్దరు తొట్టి అంచు మీద, వాళ్ళని చూసి నాలుగో ఆయన కూడా. కోటుగారు మాత్రం నిలబడ్డాడు.

"నేను మీకు ఒక పాఠం చెప్పాను, తెల్ల గుర్రం పాఠం. అది తప్పు. కొట్టెయ్యండి" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళవైపు చూడలేదు, గొడుగు కొసవైపు చూశారు.  నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే గొంతు హెచ్చించారు. "ఇప్పుడు సరైనది చెబుతాను, వినండి. ఇది బందెలదొడ్డి. మా మూలపురుషుడు దీనికి కాపలాదారు. ఈ జిల్లాలో భవంతులు కట్టామని చెప్పుకునే మీ ముత్తాతలు ఒక్కొక్కరూ ఈ గుమ్మం ముందు తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డారు. 'బాబ్బాబు, మా ఎద్దుని వదిలిపెట్టు' అని బతిమాలుకున్నారు. మావాడు 'ముందు ఆ చేనువాడికి నష్టం కట్టి రా' అన్నాడు. ఎవడికీ తలవంచలేదు, ఎవడి దగ్గరా చెయ్యి చాపలేదు. చాపి ఉంటే ఇంత చిన్న కొంపలో ఎందుకుంటాం?"

చూశావా! గుర్రం పోతే పోయింది, గొప్ప మాత్రం పోలేదు. ఆయనకి ఏదిచ్చినా దాని మీద ఎక్కి కూర్చుంటారు. నవ్వాపుకోలేక నేను టేపు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

కోటుగారికి కాలింది. "మా వంశంలో పశువులు పరాయి చేలో పడిన చరిత్ర లేదు మేష్టారూ" అన్నాడు.

"పశువుకి వంశం ఏం తెలుసురా? కూర్చో" అన్నారు మామగారు.

కూర్చున్నాడే! కోటుతో సహా తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఆ గుంట ఆయనకి అచ్చంగా సరిపోయింది.

తరవాత ఒకాయన తూము చూశాడు, ఇంకొకాయన గడియ తెరిచి మూసి చూశాడు. అందరూ తలలూపారు. కోటుగారు అటూ ఇటూ చూసి, చేసేది లేక కాగితం తీశాడు. మామగారు నా కత్తిరింపు బల్ల మీద పెట్టి సంతకం చేశారు. ఇల్లు ఉంటుందే పిల్లా. గోడ మీది ఎర్ర గీతని వాళ్ళే తుడిపిస్తారట.

సంతకం కింద ఇంకో ఖాళీ ఉంది, ఇల్లు చూసుకునే మనిషి పేరు రాయడానికి. అది చదువుతుండగా నేను లోపలికి వచ్చేశాను. కప్పులు కడిగినవే అయినా మళ్ళీ కడగడం మొదలుపెట్టాను. మనవడి పేరు రాస్తుంటే ఎదురుగా నిలబడి నవ్వు మొహం పెట్టడం నా వల్ల కాదనిపించింది. పెద్దవాళ్ళు, వాళ్ళ ఇష్టం అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

"అమ్మాయ్" అని పిలుపొచ్చింది.

తడిచేతులతోనే వెళ్ళాను. ఆయన పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగి ఉన్నారు. తలెత్తలేదు.

ఈ ఇంటికి వచ్చిన రోజునుంచి ఆయనకి నేను పెద్దాడి పెళ్ళాన్ని. మీ అన్నయ్య పోయాక అమ్మాయిని, లేకపోతే మిషనమ్మాయిని. రోజూ నా చేతి టీ తాగిన మనిషికి నన్ను ఇంకోలా పిలవాల్సిన అవసరమే రాలేదు.

"ఇక్కడ ఉండబోయేది నువ్వే కదమ్మా" అన్నారు. తరవాత సిగ్గుపడుతున్నట్టుగా, "నీ పేరేమిటమ్మా?" అని అడిగారు.

చెప్పాను. మెల్లిగా చెప్పానేమో, ఆయనకి వినపడలేదు. ఏమిటీ అని మళ్ళీ అడిగారు. ఈసారి వీధిలోకి వినపడేలా చెప్పాను.

నీ వదిన